వీపు చూపించిన రాయి

ఏడో ప్రశ్నకు పది మార్కులు. "కళాశాల అద్దాల పెట్టెలోని అలల గుర్తుల శిలను వర్ణించుము." ప్రశ్న పెట్టింది నారాయణ సారే, జవాబు చెప్పి రాయించిందీ నారాయణ సారే కాబట్టి పదహారు మందికి పదికి పది వచ్చాయి. ఒక్క మెహరున్నీసాకు సున్నా వచ్చింది.

సున్నా పక్కన ఆయన ఎర్ర ఇంకుతో "నోట్స్ చదువు" అని కూడా రాశాడు. రాస్తున్నప్పుడు కొంచెం బాధపడ్డాడు. బాధ ఆమె గురించి కాదు. పెన్ను కొత్తది, ఇంకు మరీ ఎక్కువ కారుతోంది.

శనివారం మధ్యాహ్నం పేపర్లు పంచాడు. ప్రొద్దుటూరులో కమ్యూనిటీ కాలేజీ అంటే పెద్ద కాలేజీ వెనక, సైకిల్ షెడ్డును ఆనుకుని ఉన్న రెండు గదులు. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లు, పని చేసుకుంటూనే ఏదో ఒక సర్టిఫికెట్ కావాలనుకునేవాళ్లు శని, ఆదివారాల్లో వస్తారు. కుట్టుపని, కంప్యూటరు, భూమి శాస్త్రం, మొత్తం మూడు కోర్సులు. మొదటి రెండూ నిండిపోయాక మిగిలినవాళ్లే భూమి శాస్త్రానికి వస్తారని ప్రిన్సిపాలు అంటాడు. నారాయణ సారు ఒప్పుకోడు. యశ్వంత్‌నే చూడండి, పులివెందులలో ప్లాట్లు అమ్మే కుర్రాడు, కోరి వచ్చి చేరాడు. పులివెందుల క్వార్ట్‌జైట్ అని వాళ్ల ఊరి పేరుతో శాస్త్రంలో ఒక రాయి ఉందని తెలిసిన మరుసటి వారమే, తన లేఅవుట్ కరపత్రం మీద "ప్రపంచ ప్రసిద్ధి చెందిన పునాది" అని అచ్చు వేయించాడు. అమీర్ బాషా ఇరవై రెండేళ్లు కువైట్‌లో లారీ తోలి వచ్చి, ఇప్పుడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని బోర్లకు నీళ్లు చూపిస్తున్నాడు. టెంకాయకు తోడుగా కొంచెం సైన్సు కూడా ఉంటే జనం నమ్ముతారని ఆయన ఆలోచన. రాజుపాలెం నుంచి వచ్చే తిరుపాలమ్మకు అరవై దాటాయి. నల్లరేగడిలో శనగ వేస్తుంది. నేల నెర్రెలు ఎందుకు విడుస్తుందో తెలుసుకుని చచ్చిపోతానని చెప్పి చేరింది. నెర్రెల పాఠం జూలైలోనే అయిపోయింది. ఆమె మాత్రం ఇంకా వస్తోంది.

మెహరున్నీసా పేపరు చూసుకుని లేచి నిలబడింది. జమ్మలమడుగులో బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ దగ్గర పని ఆమెది. నలభై లోపే ఉంటాయి గానీ చేతులు చూస్తే అరవై అనిపిస్తాయి.

"సార్, నేను నోట్స్ చదివినా. చదివినాకనే ఇది రాసినా."

"ఏం రాసినావో అందరికీ చదివి వినిపిస్తా ఉండు." నారాయణ సారు పేపరు తీసుకుని కళ్లజోడు సర్దుకున్నాడు. "'ఈ రాయి తలకిందులుగా పెట్టినారు. మనకు కనపడేది వీపు. ముఖం సిమెంటు దిక్కు ఉంది.' అయిపోయింది. పది మార్కుల ప్రశ్నకు మూడు ముక్కలు!"

క్లాసు నవ్వింది. యశ్వంత్ వెనక బెంచీ నుంచి, "రాయికి వీపుంటే గోకేదెవరక్కా?" అన్నాడు.

"నేనే. పదకొండేళ్ల నుంచి అదే పని చేస్తాండా," అంది మెహరున్నీసా నవ్వకుండా. మళ్లీ సారు వైపు తిరిగింది. "మా నాయన గనిలో బండ లేపుతానే పైముఖం మీద సుద్దతో గీత గీసేవాడు సార్. గీత లేని బండను ఫ్యాక్టరీలో దించుకోరు. వీపు మీద పాలిష్ పెడితే ఆర్నెల్లకు పెచ్చులు లేస్తాది. కొన్నోళ్లు వచ్చి కొట్లాడతారు."

"అమ్మా, మీది నాపబండ. సున్నపురాయి. పెట్టెలోది గండికోట క్వార్ట్‌జైట్. ఇసుక బిగుసుకుని అయిన రాయి. రెండూ వేరే."

"రాయి వేరే సార్. పండుకునేది మాత్రం ఒకే తీరుగా పండుకుంటాది."

నారాయణ సారుకు ఈ మాట నచ్చలేదు. నచ్చనందుకు కారణం వెంటనే దొరకలేదు, కాబట్టి గంట కొట్టకముందే క్లాసు వదిలేశాడు.

అందరూ వెళ్లాక కూడా ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది. నూటికి ముప్పై ఒకటి వచ్చాయి. ముప్పై అయిదొస్తే పాసు. మార్కులు పైకి పంపడానికి మంగళవారం ఆఖరు.

"మా ఓనరు ఈ సర్టిఫికెట్ తెస్తే బండలు ఏరే కాడ కూర్చోబెడతానన్నాడు సార్," అంది. "ఏది ఒకటో రకం, ఏది రెండో రకం అని చూసి రాసే పని. ఆడ కుర్చీ ఉంటాది."

ఆయన చూపు ఆమె కాళ్ల మీద పడింది. పాలిష్ మిషన్ కింద రోజంతా నీళ్లు పారుతూనే ఉంటాయి. వేళ్ల మధ్య చర్మం నానిన మినప్పప్పులా తెల్లగా ఉబ్బి ఉంది.

"మార్కుల కోసం జవాబు మారుస్తామా చెప్పు," అన్నాడు, కొంచెం మెత్తగా.

"మార్కులు ఇస్తే ఇయ్యండి, లేకుంటే లేదు. రాయిని మాత్రం ఒకసారి తిప్పి చూడండి సార్. పాపం, పదకొండేళ్ల నుంచి బోర్లా పండుకోనుండాది."

*

ఆ రాయిని గండికోట నుంచి తెచ్చింది నారాయణ సారే. లోయ అంచున విరిగిపడి ఉన్న పలకల్లో రెండడుగుల పలక ఒకటి ఏరి, నలుగురి చేత మోయించి, ఆటోలో తెచ్చి, టైల్స్ పనివాడి చేత క్లాసుగదిలో దిమ్మె మీద సిమెంటుతో అంటింపజేసి, పైన అద్దాల పెట్టె పెట్టించాడు. రెండు వైపులా అలల గుర్తులున్నాయి. ఏ వైపు పైకి పెట్టాలన్న ప్రశ్న అప్పుడు రానే లేదు. ఫోటోకు బాగుండే వైపు పైకి పెట్టారు.

ఆ ఫోటో ఇప్పటికీ ఇంట్లో హాలు గోడ మీద ఉంది. రాయి మీద ఒక చెయ్యి, నడుం మీద ఒక చెయ్యి పెట్టుకుని నారాయణ సారు, పక్కన అప్పటి ప్రిన్సిపాలు. పేపరు జిల్లా ఎడిషన్‌లో పడింది. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ కాఫీ కంటే ముందు ఆ ఫోటో చూపించేవారు. అదొక్కటి తప్ప ఇంట్లో రాయన్నదే లేదు. కడప బండలు పాతకాలం వాళ్లవని ఆయన భార్య పార్వతమ్మ వంటింటితో సహా అన్నీ పెరికించి గుజరాత్ టైల్స్ వేయించింది. వాటి మీద నల్లరాతి బండ బొమ్మ అచ్చు వేసి ఉంటుంది.

"ఏమే, ఆ రాయి తలకిందులుగా ఉందంట," అన్నాడాయన ఆ సాయంత్రం, ఎవరి గురించో చెబుతున్నట్టు.

"ఎవరన్నారు?"

"క్లాసులో ఒకామె."

పార్వతమ్మ ఫోటో వైపు చూసింది. "ఉంటే ఉండనీ. ఆ ఫోటో మాత్రం గోడ మీంచి తీసేది లేదు. వెనకల తేమ మచ్చ ఉంది."

*

ఆదివారం గండికోట టూరు ముందే అనుకున్నది. పొద్దున ఏడింటికి మినీ బస్సు ప్రొద్దుటూరులో బయలుదేరింది. నారాయణ సారు టూర్ టోపీ పెట్టుకున్నాడు. చేతిలో సుత్తి. జర్మనీ సుత్తి అది. దానికి పార్వతమ్మ జరీ అంచు మిగులు గుడ్డతో గలీబు కుట్టింది. గలీబు మాసిపోతుందని ఆయన సుత్తిని బయటికి తీయడు, సుత్తి అరిగిపోతుందని రాయిని కొట్టడు.

జమ్మలమడుగు బస్టాండు దగ్గర మెహరున్నీసా ఎక్కింది. ఎక్కగానే డ్రైవరు దగ్గరికి పోయి, "అప్పా, మైలవరం కట్ట కాడ పది నిమిషాలు ఆపుతావా?" అంది.

"ఎందుకు?" అన్నాడు నారాయణ సారు.

"సార్‌కు ఒకటి చూపియ్యాల."

డ్యామ్ కట్ట దాటి నీళ్ల అంచుకు నడిచారు. నీళ్లు నాలుగడుగులు వెనక్కి తగ్గిన చోట ఇసుక తడితడిగా ఉంది. దాని మీద వరసగా అలల గుర్తులు. చిన్న అలలు వస్తూ, పోతూ, అటూ ఇటూ ఊగిన చోటల్లా ఇసుక గట్లు గట్లుగా నిలిచింది. మెహరున్నీసా చెప్పులు విడిచి కూర్చుంది.

"చూడండి సార్. గట్టు సన్నగా ఉండాది, అంచు పట్టినట్టు. పల్లం వెడల్పుగా, గుండ్రంగా ఉండాది. అవునా?"

"అవును. అది నోట్స్‌లో ఉంది."

"ఉంది సార్. పేజీ పన్నెండు." ఆమె తడి బంకమట్టి పిడికెడు తీసి, చపాతీ ముద్దలా పిసికి, ఆ గట్ల మీద పరిచి అరచేత్తో అదిమింది. కాసేపు ఆగింది. యశ్వంత్ ఫోనులో వీడియో తీస్తున్నాడు. బాషా తన టెంకాయ సంచిని ఇంకో చంకలోకి మార్చుకుని ముందుకు వంగాడు. ఆమె ముద్దను మెల్లగా అంచు పట్టి లేపి తిరగేసింది.

అడుగు వైపు ఉన్నది తారుమారుగా ఉంది. గట్లు లావుగా, బోడిగా ఉన్నాయి. వాటి నడుమ గాడి మాత్రం కత్తితో గీసినట్టు సన్నగా ఉంది.

"ఇది వీపు," అంది. "మీ పెట్టెలో రాయి ఎట్లుంటాది సార్?"

నారాయణ సారు కళ్లు మూసుకున్నాడు. ఆ రాయిని పదకొండేళ్లుగా ప్రతి బ్యాచికీ పెట్టె తెరిచి చేత్తో తాకి చూపించాడు. అరచేతికి దాని ఆకారం వచ్చు. లావు గట్టు, సన్న గాడి, లావు గట్టు, సన్న గాడి.

"ఎండకు కళ్లు మూసుకున్నాడు పాపం," అంది తిరుపాలమ్మ.

ఆయన బస్సెక్కాడు. గండికోట దాకా టోపీ కిందికి లాక్కుని కూర్చున్నాడు. బురద ముద్ద వేరు, వంద కోట్ల ఏళ్ల కిందటి రాయి వేరు అని తనకు తాను రెండుసార్లు చెప్పుకున్నాడు. మూడోసారి చెప్పుకునేలోపు దిగాల్సి వచ్చింది.

పెన్న కోసిన లోయ అంచున ఎర్రటి రాతి పలకలు ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టినట్టు ఉన్నాయి. మామూలుగా ఆయన ఇక్కడ నిలబడి చెయ్యి చాపి ఇరవై నిమిషాలు ఉపన్యాసం ఇస్తాడు. జనం ఆ ఇరవై నిమిషాలూ సెల్ఫీలు తీసుకుంటారు. ఈసారి ఆయన చెయ్యి చాపలేదు. మెహరున్నీసా ఒక పలక చూరులా ముందుకు పొడుచుకొచ్చిన చోట నిలబడి ఉంది. దాని కింద మనిషి తల దూరేంత సందు.

"ఇది ఎవురూ కదిలించని రాయి సార్. పుట్టిన కాడే ఉండాది. పైన చూడండి, కింద చెయ్యి పెట్టి చూడండి."

ఆయన పైన చూశాడు. సన్న గట్టు, వెడల్పు పల్లం. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, సుత్తి పక్కన పెట్టి, చెయ్యి భుజం దాకా పలక కిందికి దూర్చాడు. వేళ్లు రాతి అడుగును తడిమాయి.

లావు గట్టు. సన్న గాడి.

బాషా గాభరాపడ్డాడు. "సార్, తేళ్లుంటాయి! చెయ్యి తియ్యండి!"

"ఉండప్పా!" అని అరిచాడు నారాయణ సారు. ఆయన రెండో చెయ్యి కూడా దూర్చాడు. టోపీ ఊడి లోయ వైపు దొర్లింది. "అదే! అచ్చం అదే! పెట్టెలో ఉండేది ఇదే, ఈ అడుగు ముఖమే! యశ్వంత్, నువ్వు రా, చెయ్యి పెట్టు! బాషా, టెంకాయ కింద పెట్టి రా! అమ్మా తిరుపాలమ్మా, వంగగలవా?"

సిగ్గు పడాల్సిన చోట ఆయనకు సిగ్గు రాలేదు. ఎందుకు రాలేదో చూసుకునే తీరిక కూడా లేదు. ముప్పై ఏళ్ల కిందట, ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, మొదటిసారి కొండ ఎక్కినప్పుడు గుండె ఎట్లా కొట్టుకుందో అట్లా కొట్టుకుంటోంది. పదిహేడు మంది వంతుల వారీగా పలక కిందికి చేతులు దూర్చారు. కోట చూడ్డానికి వచ్చిన బెంగళూరు వాళ్లు ఇదేదో మొక్కు అనుకుని వరసలో నిలబడ్డారు. వాళ్లకు కూడా మెహరున్నీసానే చూపించింది.

పార్వతమ్మ, ఎవరికీ పెట్టొద్దని చెప్పి, చిత్రాన్నం డబ్బా కట్టి ఇచ్చింది. ఆ మధ్యాహ్నం దాంట్లో అయిదు చేతులు పడ్డాయి.

*

సోమవారం సెలవు పెట్టి మెహరున్నీసా కాలేజీకి వచ్చింది. సంచిలో రెండు ఉలులు, చిన్న సుత్తి, నాలుగు కొయ్య ముక్కలు, ఒక తడి గోనెపట్ట. ముందు అద్దాల పెట్టె పక్కకు తీయించి రాయి చుట్టూ తిరిగింది. తర్వాత సుత్తి పిడితో ఇక్కడొకటి అక్కడొకటి తట్టి చెవి ఆనించింది.

"నాలుగు మూలలే అంటించినాడు సార్ మీ టైల్సాయప్ప. నడుమంతా ఖాళీ. పని దొంగ."

"దొంగయినందుకు మంచిదయింది," అన్నాడు నారాయణ సారు.

ఇంతలో ప్రిన్సిపాలు పరుగున వచ్చాడు. కోర్సులు కొనసాగించాలా వద్దా అని చూడ్డానికి మంగళవారం విజయవాడ నుంచి కమిటీ వస్తోంది. సున్నం వేయించాడు, పూలకుండీలు అద్దెకు తెప్పించాడు. "ఏందప్పా నారాయణా ఇది! రేపు కమిటీ వస్తాంటే ఉండే ఒక్క రాయినీ పగలగొడతాండావా?"

"పగలగొట్టడం లేదు సార్. తిప్పుతాండాం."

"ఎందుకు?"

"తలకిందులుగా ఉండాది."

ప్రిన్సిపాలు తల వంచి ఒకసారి, నిటారుగా ఒకసారి చూశాడు. "నాకు రెండు పక్కలా ఒకటే మాదిరి కనపడతాంది. కమిటీ వాళ్లకూ అంతే. రెండు రోజులు ఆగి తిప్పుకోకూడదా?"

"వద్దు సార్. ఇప్పటికే పదకొండేళ్లు ఆగినాం," అన్నాడు నారాయణ సారు. అన్నాక తన మాటకు తనే కొంచెం ఆశ్చర్యపోయాడు.

మెహరున్నీసా వాళ్ల మాటలు వినడం లేదు. ఉలిని సిమెంటుకూ రాయికీ మధ్య పడుకోబెట్టి కొడుతోంది. గట్టి దెబ్బ ఒక్కటి కూడా లేదు. వరసగా చిన్న చిన్న దెబ్బలు, తాళం వేసినట్టు. ఒక మూల వదలగానే కొయ్య ముక్క దూర్చి, దాని మీద నీళ్లు చల్లి రెండో మూలకు పోయింది. నీళ్లు తాగి కొయ్య ఉబ్బుతుంది, ఉబ్బితే రాయి దానంతట అదే లేస్తుంది. ఇనుముతో లేపితే అంచు పగులుతుంది. ఈ సంగతి నోట్స్‌లో లేదు. మూడో మూల దగ్గర రాయి "టిక్" మంది. నారాయణ సారు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏం కాలేదు సార్. ఒళ్లు విరుచుకుంటాంది."

నాలుగో మూల కూడా వదిలాక, యశ్వంత్, బాషా, నారాయణ సారు, మెహరున్నీసా తలొక వైపు పట్టారు. "బిస్మిల్లా" అన్నాడు బాషా. గోనెపట్ట మీదికి మెల్లగా తిరగేశారు. ఆమె తడి గుడ్డతో దుమ్ము తుడిచింది.

సన్న గట్టు, వెడల్పు పల్లం. ముఖం బయటపడింది. పదకొండేళ్లుగా సిమెంటు వైపు చూస్తూ పడుకున్న ముఖం.

దాని మీద ఇంకేదో ఉంది.

పల్లాల నడుమ చిన్న చిన్న గుంటలు. శనగగింజ పట్టేంతవి, కొన్ని ఇంకా చిన్నవి. ఒకదాని అంచు మీద ఒకటి పడినవి కూడా ఉన్నాయి. ఒక్కోదాని చుట్టూ సన్నటి కట్ట. నారాయణ సారు వంగాడు. కళ్లజోడు తీశాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. భూతద్దం కోసం జేబులన్నీ వెతికాడు. అది ఆయన మెడలోనే వేలాడుతోంది.

"ఏంది సార్ అవి? పురుగు తినిందా?" అన్నాడు యశ్వంత్.

ఏ బస్సో దొరికి అప్పుడే వచ్చిన తిరుపాలమ్మ జనాన్ని నెట్టుకుని ముందుకొచ్చింది. ఒక్క చూపు చూసింది. "వాన గదప్పా," అంది.

యశ్వంత్ ఇంకా కిందికి వంగి చూశాడు.

"దుమ్ములో తొలి చినుకులు పడితే ఇట్లనే ఉంటాది. పెద్ద వాన గాదు. నాలుగు చినుకులు రాల్చి పోయిండాది. మా చేన్లో మొన్న కూడా ఇంతే జేసింది, ముదనష్టపు మబ్బు."

"వానే," అన్నాడు నారాయణ సారు. "వానే! వాన చినుకుల గుర్తులు! అమ్మా, అప్పటికి చెట్టు లేదు, చేప లేదు, మనిషన్నది ఆలోచనలో కూడా లేదు. నీళ్లు తగ్గి ఇసుక బయటపడిన ఒక పూట, నాలుగు చినుకులు పడినాయి. ఆ పూట ఇదిగో, ఈడుండాది!"

"వానా?" అన్నాడు అమీర్ బాషా, నమ్మకం లేకుండా. "ఈడనా? కడప జిల్లాలోనా?"

తిరుపాలమ్మ వేలి కొనను ఒక గుంటలో పెట్టింది. సరిగ్గా పట్టింది. వేలు తీయకుండా చాలాసేపు అట్లాగే ఉండిపోయింది. రాజుపాలెంలో శనగ వేయడానికి పదును వాన కోసం ఎదురుచూడటం అది మూడో వారం.

*

ఆ ఆనందంలోనే నారాయణ సారు ఎర్ర పెన్ను తీసి మెహరున్నీసా పేపరు మీద సున్నాకు ముందు ఒకటి చేర్చాడు. పది. మొత్తం నలభై ఒకటి. పాసు. చాలా తేలిగ్గా అయిపోయిందనుకుంటుండగా యశ్వంత్ అడిగాడు.

"సార్, అక్క రాసింది రైటయితే మేం రాసింది?"

నారాయణ సారు పెన్ను మూత పెట్టాడు. మళ్లీ తీశాడు. పదహారు మందీ ఆయన చెప్పించిందే, "మనకు కనపడేది రాయి పైముఖం" అని, కామాతో సహా రాశారు. ఆ పది తీసేస్తే తొమ్మిది మంది తప్పుతారు. యశ్వంత్‌కు ముప్పై నాలుగు మిగులుతాయి.

"మీరు చెప్పిందే రాసినాం కదా సార్! మా తప్పేముంది?"

"ఏమీ లేదు."

"పోనీ మా పదీ ఉంచేయండి సార్," అన్నాడు బాషా. "అక్కకూ పది, మాకూ పది. అందరూ సంతోషం."

"అంటే రాయికి రెండు పక్కలూ ముఖమేనా మామా?" అంది మెహరున్నీసా. బాషా టెంకాయ సంచి సర్దుకున్నాడు.

నారాయణ సారు పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "రేపు పొద్దున పదింటికి ఏడో ప్రశ్న మళ్లీ రాయండి," అన్నాడు. "ఎవురూ చెప్పించరు. రాయి ముందర ఉంటాది, చేతులు మీకుండాయి. తడిమి రాయండి. ఈడ లేనోళ్లకు ఫోన్లు చేసి చెప్పండి."

"మెహరక్క కూడా రాయాలనా?"

"ఆమె రాసేసింది. ఆమె సూపర్వైజరు." వేలు తన వైపు చూపించుకున్నాడు. "నాకు కూడా ఒక తెల్లకాగితం పెట్టండి. తప్పు రాయించినోడు తిరిగి రాయాల కదా."

*

మంగళవారం పదింటికి పదహారు మంది విద్యార్థులూ, ఒక లెక్చరరూ కూర్చున్నారు. మెహరున్నీసా ముందుగా నిలబడే ఉంది. నిలబడటం అలవాటు. తిరుపాలమ్మ, "కూర్చోమ్మే, ఆ కుర్చీ ఊరికేనే ఉండాది," అన్నాక సారు కుర్చీలో కూర్చుంది. కూర్చున్నాక తడి లేని నేల మీద కాళ్లు ఎట్లా పెట్టుకోవాలో ఆమెకు కాసేపు తెలియలేదు.

ఒక్కొక్కరే లేచి రాయిని తడిమి వచ్చి రాసుకుంటున్నారు. నారాయణ సారు మూడుసార్లు లేచాడు. నాలుగోసారి లేవబోతే ఆమె, "సార్, మిగతావాళ్లకు వంతు రానీండి," అంది. ఆయన కూర్చున్నాడు. పక్క బెంచీలోని యశ్వంత్ కాగితం మీదికి ఆయన కళ్లు ఒకసారి పోయాయి. యశ్వంత్ చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

పదకొండు కాకముందే గుమ్మంలో నలుగురు నిలబడ్డారు. ముందు ప్రిన్సిపాలు, వెనక కమిటీ ముగ్గురు. ఇస్త్రీ చొక్కాలు, మెడల్లో కార్డులు.

"లెక్చరర్ గారు ఎక్కడున్నారండీ?" అన్నాడు అందులో పెద్దాయన.

మెహరున్నీసా వేలు పెదాల మీద పెట్టుకుంది. "పరీక్ష జరుగుతాంది సార్. ఇంకా పదిహేను నిమిషాలుండాది. బయట బెంచీ ఉంది, కూర్చోండి."

ప్రిన్సిపాలు వెనక నుంచి చేతులతో ఏవేవో సైగలు చేశాడు. కొన్ని నారాయణ సారుకు, కొన్ని దేవుడికి. నారాయణ సారు తల ఎత్తలేదు. బొమ్మ ఇంకా పూర్తి కాలేదు.

కమిటీ బెంచీ మీద కూర్చుంది.

గంట కొట్టాక పదహారు పేపర్లు నారాయణ సారు దిద్దాడు. కమిటీ వాళ్లు వచ్చి చుట్టూ నిలబడినా ఆగలేదు. బాషాకు ఏడు, యశ్వంత్‌కు తొమ్మిది. తిరుపాలమ్మ పేపరులో రెండే వాక్యాలున్నాయి. "పైన నీళ్లు ఊగినాయి. నీళ్లు తగ్గినాక వాన పడింది, సాల్లేదు." ఎనిమిది వేశాడు. ఎవరూ తప్పలేదు. చివరికి తన కాగితం మిగిలింది. అది తీసి, ఎర్ర పెన్నుతో సహా మెహరున్నీసా ముందు పెట్టాడు.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. నిదానంగా, పెదాలు కదుపుతూ చదివింది. ఒక చోట ఆగి, లేచి రాయి దగ్గరికి పోయి చూసి వచ్చింది. ఆరు వేసింది.

"ఆరా?" అన్నాడు నారాయణ సారు.

"ఆరే సార్."

"నాలుగు యాడికి పోయినాయి?"

"బొమ్మకు రెండు పోయినాయి. గట్టూ పల్లం ఒకటే మాదిరి గీసినారు."

"ఇంకో రెండు? వాన రాసినా కదా, ఆఖరి లైను చూడు!"

"వాన పడిందని రాసినారు సార్. యా పక్క నుంచి పడిందో రాయలేదు. గుంటలకు ఒక పక్కనే కట్ట ఎత్తుగా ఉండాది. వాన ఏటవాలుగా పడింది. గాలి ఉండె."

నిన్నటి నుంచి భూతద్దంతో చూస్తూ నారాయణ సారు గుంటలు లెక్కపెట్టాడు, కొలిచాడు, ఫోటోలు తీశాడు. కట్టలు చూడలేదు.

కాగితం వదిలేసి రాయి దగ్గరికి పరిగెత్తాడు. రాయి పక్కన పెట్టిన అద్దె పూలకుండీ ఒకటి కాలికి తగిలి పడింది. "అవును! చూడండప్పా, అన్నీ ఒకే పక్క! యశ్వంత్, లైటు వెయ్యి, ఫోను లైటు, పక్క నుంచి! కిందికి పట్టు! అదిగో నీడ! గాలి, వంద కోట్ల ఏళ్ల కిందటి గాలి!" క్లాసంతా రాయి చుట్టూ మూగింది. తలలు తలలకు తగిలాయి. ప్రిన్సిపాలు కూడా కుండీని లేపడం మరిచిపోయి తల దూర్చాడు. అతని వెనకే కమిటీలో ఇద్దరూ దూరారు.

గది మధ్యలో కమిటీ పెద్దాయన ఒక్కడే మిగిలాడు. చేతిలో రిపోర్టు కాగితం, దాని మీద 'బోధకుని పేరు' అన్న చోట ఖాళీ. గుంపులో చోటు దొరక్క పక్కన నిలబడిన తిరుపాలమ్మ భుజం తట్టాడు.

"ఏమ్మా, ఇంతకీ వీళ్లలో లెక్చరర్ గారెవరండీ?"

తిరుపాలమ్మ గుంపులోకి చెయ్యి చూపించింది.

"అదిగో నాయనా, ఆరు మార్కులొచ్చినాయన."